వేలికి అంటకపోతే ఆరినట్టేనా? నీటి పూత, యూవీ దీపం: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చెక్క బల్లల పైభాగానికి నీటి ఆధారిత రక్షణ పూత వేసి, దాన్ని యూవీ దీపం కింద నిమిషాల్లో గట్టిపరచాలి. పని ఇంతే. సాల్వెంట్ వార్నిష్‌తో విసిగిపోయాను. వాసన రోజుల తరబడి వదలదు. పూర్తిగా గట్టిపడేలోగా గదిలో ఎగిరిన దుమ్మంతా వచ్చి దాని మీదే వాలుతుంది.

పూతలో పొరగా నిలిచే అసలు పదార్థమైన రెసిన్, యాక్రిలేట్ సమూహాలు (ఒకదానితో ఒకటి ముడిపడగల రసాయన కొక్కేలు) తగిలించిన పాలీయురెథేన్. నీటిలో కంటికి కనిపించనంత సన్నటి రేణువులుగా చెదిరి, చూడటానికి నీళ్ళు కలిపిన పాలలా ఉంటుంది. ఘనపదార్థం 38 శాతం, మిగిలినదంతా దాదాపు నీరే. దీపం 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎల్ఈడీ. వెలుగు వచ్చే కిటికీ 10 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు. దాని కింద నేనే కట్టుకున్న చిన్న కన్వేయర్ ఉంది. బెల్టు నిమిషానికి 5 మీటర్లు నడిస్తే, ఆ 2 సెంటీమీటర్ల వెలుగు పట్టీని పలక దాటడానికి 0.24 సెకను పడుతుంది. దీపంతో వచ్చిన కాగితం ప్రకారం ఆ ఎత్తులో చదరపు సెంటీమీటరుకు సగటున 4 వాట్లు పడాలి. అంటే ఒక్కసారి దాటితే దాదాపు 1 జౌల్ అందుతుంది.

నేరుగా చెక్క మీదికి వెళ్ళకుండా పలచటి అల్యూమినియం రేకులతో మొదలుపెట్టాను. 100 మైక్రాన్ల (0.1 మిల్లీమీటరు) మందాన తడి పూతను సమంగా గీసి పరిచి 25 నిమిషాలు గదిలోనే వదిలేశాను. వేలికి అంటలేదు. దీపం కింద నుంచి పంపాను. మెరుపు బాగుంది, గోటితో గీకితే గీత పడలేదు. మొదటి రోజే పని అయిపోయిందన్న సంబరంతో మిథైల్ ఈథైల్ కీటోన్ అనే ఘాటైన సాల్వెంట్‌లో తడిపిన గుడ్డతో రుద్దడం మొదలుపెట్టాను. ముందుకూ వెనక్కూ కలిపి ఒక రుద్దు లెక్క. కనీసం 100 తట్టుకోవాలని పెట్టుకున్నాను.

తొమ్మిదో రుద్దుకు రేకు బయటపడింది.

2వ రోజు

వెలుగు చాలలేదని తేల్చేసుకున్నాను. బెల్టు వేగం సగానికి తగ్గిస్తే 10 రుద్దులు. అదే వేగంతో రెండుసార్లు పంపితే 11. మూడుసార్లు పంపినా 11. నాలుగోసారి పంపబోతూ ఆగాను. అసలు దీపం చూపించకుండానే ఒక రేకును రుద్దితే ఎంత వస్తుంది? మొదటే చేయాల్సిన పరీక్ష ఇది. 8 వచ్చింది.

అంటే రెండు రోజులుగా నేను కాల్చిన కరెంటుకు దక్కింది మూడు రుద్దులు.

ఇక్కడ నన్ను మోసం చేసింది వేలు. నీరు లేని మామూలు యూవీ వార్నిష్‌లో వెలుగు సరిగా అందకపోతే పూత జిగటగా మిగిలి, ముట్టుకోగానే తప్పు తెలిసిపోతుంది. ఈ రెసిన్‌లో అణువుల గొలుసులు ముందే పొడుగ్గా ఉంటాయి. నీరు పోగానే రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, యూవీ తగలకపోయినా అంటని పొరగా నిలబడతాయి. గట్టిపడిన దానికీ, గట్టిపడనే గట్టిపడని దానికీ చేతికి తేడా తెలియదు.

3వ రోజు

కారణం ఫోటో ఇనిషియేటర్‌లో దొరికింది. వెలుగును పీల్చుకుని విరిగి, యాక్రిలేట్లను ఒకదానితో ఒకటి ముడివేసే చర్యను మొదలుపెట్టే మందు అది. నేను కలిపింది హైడ్రాక్సీకీటోన్ రకం. ద్రవం కాబట్టి రెసిన్‌లో తేలిగ్గా కలుస్తుంది, నేను ఎంచుకున్నది కూడా ఆ సుఖం చూసుకునే. కానీ అది పీల్చుకునేది పొట్టి తరంగాలను. పాదరసం దీపాలకైతే సరిపోతుంది, వాటిలో 254, 313, 365 నానోమీటర్ల దగ్గర బలమైన గీతలుంటాయి. నా ఎల్ఈడీ నుంచి వచ్చేది 395 చుట్టూ ఒక ఇరుకైన పట్టీ మాత్రమే. ఆ మందు కళ్ళు తెరిచి చూడని వెలుగును దాని మీద కుమ్మరిస్తూ కూర్చున్నాను.

400 దాటాక కూడా పీల్చుకునే బిస్‌ఎసైల్‌ఫాస్ఫీన్ ఆక్సైడ్‌కు మారాను. పరిశ్రమలో బాపో అంటారు. పసుపు పొడి, నీటిలో కరగదు. అందుకని నీటిలో ముందే చెదరగొట్టిన రూపంలో, బరువులో 45 శాతం అసలు మందు ఉన్నది తీసుకున్నాను. దీని చుట్టమే అయిన టీపీఓ కూడా 395 దగ్గర పనిచేస్తుంది. కానీ ప్రత్యుత్పత్తికి హాని చేస్తుందన్న కారణంతో 2023లో యూరప్ దాన్ని అత్యంత ఆందోళనకర పదార్థాల జాబితాలో చేర్చింది. కొత్తగా మొదలుపెట్టేవాడు అటు వెళ్ళడం ఎందుకు?

లెక్క: 500 గ్రాముల రెసిన్‌లో ఘనపదార్థం 190 గ్రాములు. దానిలో 1 శాతం మందు అంటే 1.9 గ్రాములు. 45 శాతం మందున్న ఆ ద్రవంగా తీసుకుంటే 4.2 గ్రాములు. నెమ్మదిగా తిప్పి, మూతపెట్టి, వెలుగు తగలకుండా రాత్రంతా వదిలేశాను. తిప్పినప్పుడు పుట్టిన సన్న నురగ పోవడానికి అంత సమయం కావాలి. చేతులకు నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. యాక్రిలేట్లకు చర్మం ఒకసారి ఎలర్జీ పెంచుకుంటే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఊరుకోదు. దీపం ఊదారంగులో సాధువులా కనిపిస్తుంది కానీ కళ్ళకు అద్దాలు లేకుండా దాని దగ్గరికి పోకూడదు.

4వ రోజు

45 రుద్దులు! మొదట కొంచెం పసుపు కనిపించింది కానీ దీపం కింద నుంచి రాగానే చాలావరకు వెలిసిపోయింది. బాపో గుణమే అది, వెలుగు తగిలి విడిపోయాక దాని రంగు కూడా పోతుంది.

అయితే కొత్త తలనొప్పి మొదలైంది. పూత అద్దం మీద ఊపిరి వదిలినట్టు మసకగా ఉంది. భూతద్దంలో చూస్తే ఒళ్ళంతా సూదిమొన గుంటలు. మొదటి రెండు రోజుల రేకుల్లో ఈ మసక లేదు. దీపం ఇప్పుడు నిజంగా పనిచేస్తోంది కాబట్టే మసక వచ్చిందని అర్థం చేసుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది. పొర లోపల ఇంకా నీరుంది. యూవీ తగలగానే చుట్టూ ముడిపడిన గొలుసుల వల బిగుసుకుని ఆ నీటిని ఉన్నచోటే బంధించింది. ఇంతకుముందు వల బిగుసుకోలేదు, నీరు తీరిగ్గా వెళ్ళిపోయింది.

5, 6 రోజులు

ఇక వేలిని నమ్మదలుచుకోలేదు. మిల్లీగ్రాము దాకా చూపే చిన్న తూకం తెచ్చాను. 50 గ్రాములకు మించి మోయదు. నా రేకు 8 బై 20 సెంటీమీటర్లు, బరువు 13 గ్రాములు, కాబట్టి ఇబ్బంది లేదు. గాలి తగిలితే అంకెలు నిలవవు, అందుకని గాజు పెట్టె బోర్లించి తూచాను.

రేకు బరువు తీసేస్తే, పూత గీసిన వెంటనే 1.662 గ్రాములు. అందులో 38 శాతం, అంటే 0.632 గ్రాములు చివరికి మిగలాలి. ఆపైన ఉన్నదంతా పోవాల్సిన తడి.

ఫ్యాను లేని గదిలో 5 నిమిషాలకు 1.36. పది నిమిషాలకు 1.10. పదిహేనుకు 0.90. ఇక్కడిదాకా చకచకా దిగింది. ఆ తర్వాత అంకె బద్ధకిస్తూ వచ్చింది. రెసిన్‌లోని అమీన్ ఎగిరిపోతూ చేపల వాసన కొట్టింది. 25 నిమిషాలకు వేలికి అంటలేదు, నీరెండలో పెట్టి చూస్తే అద్దంలా ఉంది. తూకం మాత్రం 0.731 చూపించింది. అంటే 0.099 గ్రాముల తడి ఇంకా లోపలే ఉంది. పొర బరువులో పదమూడున్నర శాతం! మొదటి రోజు నేను దీపం కిందికి పంపింది ఈ స్థితిలో ఉన్న పూతనే.

నేను తూస్తుంటే చెక్క పని చేసే మేస్త్రిగారు వచ్చారు. వేలితో ముట్టి చూశారు.

"ఆరిపోయింది కదండీ, ఇంకా ఎందుకు తూస్తున్నారు?"

"పైన ఆరింది మేస్త్రిగారూ. లోపల ఎనిమిదో వంతు నీళ్ళే."

ఆయన ఇంకోసారి ముట్టుకుని, నా ముఖం చూసి, తూకం వైపు చూశారు. "తూకం సరిగానే ఉందంటారా?" అన్నారు. ఆయన తప్పు లేదు. నాకూ అదే అనుమానం వచ్చి, రెండుసార్లు బాటు పెట్టి చూసుకున్నాను.

7వ రోజు

వేడి పెడితే సరి అనుకుని, గీసిన పూతను నేరుగా 70 డిగ్రీల పెట్టెలో పెట్టాను. పాల మీద మీగడ కట్టినట్టు పైపొర ముందే బిగుసుకుంది. కింద ఉన్న నీరు దాన్ని పొడుచుకుని బయటికి వచ్చింది. రేకంతా పొక్కులు.

క్రమం మార్చాను. ముందు 10 నిమిషాలు గది వేడిలోనే, ఫ్యాను గాలి పలక మీదుగా జారిపోయేలా పెట్టాను. ఎక్కువ నీరు ఇక్కడే పోవాలి. ఆ తర్వాత 50 డిగ్రీల పెట్టెలో, లోపల గాలి తిరుగుతూ, 8 నిమిషాలు. తూకం 0.641. మిగిలిన తడి ఒకటిన్నర శాతం లోపే. దీపం కింద నుంచి రాగానే మసక లేదు, గుంటలు లేవు. వేడి కంటే గాలి కదలికే ఎక్కువ పని చేసింది. అదే 50 డిగ్రీల్లో ఫ్యాను ఆపి చూస్తే తూకం దిగడానికి రెట్టింపు సమయం పట్టింది. పలక మీద నిలిచిపోయిన తేమగాలిని తోసేయకపోతే వేడి ఒక్కటే ఏం చేస్తుంది?

9వ రోజు

వాన. గదిలో తేమ 88 శాతం. అదే 10 నిమిషాలు, అదే 8 నిమిషాలు, తూకం 0.668. అంటే అయిదు శాతం దాటి తడి మిగిలింది, మసక మళ్ళీ వచ్చింది. నిమిషాలు రాసుకున్న కాగితం చించేశాను. ఇకనుంచి ప్రతి విడతలోనూ ఒక అల్యూమినియం రేకు సాక్షిగా ఉంటుంది. దాని తడి రెండు శాతం లోపుకు దిగాకే దీపం. ఈరోజు పెట్టెలో 17 నిమిషాలు పట్టింది.

11వ రోజు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఒక ఫోన్ కాల్. నీరు వదిలించుకున్నాక రుద్దులు 70 దగ్గర ఆగిపోయాయి. రెండు రోజులుగా అంతే. ఈరోజు మాత్రం ఒక రేకు 200 దాటినా చెక్కు చెదరలేదు. ఏం తేడా జరిగిందో అంతుపట్టలేదు. రాసుకున్న సమయాలు చూస్తే దొరికింది. మిగతావాటిని పెట్టెలోంచి తీసి, తూచి, ఫొటో తీసి, అప్పుడు బెల్టు మీద పెట్టేవాణ్ణి. ఫోన్ మోగడంతో దీన్ని తూచకుండా, వేడివేడిగా బెల్టు మీద పడేసి వెళ్ళిపోయాను.

కావాలనే మూడుసార్లు మళ్ళీ చేశాను. ఒకే పూత, ఒకే ఆరబెట్టడం, ఒకే వెలుగు. చల్లారనిచ్చిన రేకు 31 డిగ్రీలు, 70 రుద్దులు. వేడిగా పంపినది 48 డిగ్రీలు, 200 దాటినా రేకు కనిపించలేదు. తడిలో తేడా ఏమో అనుకుని తూకాలు చూసుకుంటే 0.642, 0.641. కాబట్టి నీరు కాదు, వేడే.

నాకు అర్థమైనది ఇది. ముడులు పడుతున్నకొద్దీ పొర గాజులా బిగుసుకుంటుంది. అలా బిగుసుకున్నాక రాడికల్ (మందు విరిగినప్పుడు పుట్టి ముడులు వేసే చురుకైన ముక్క) పక్కనే ఉన్న యాక్రిలేట్‌ను చేరుకోవడానికి కదలలేదు. ఎంత వెలుగు పోసినా అక్కడితో ఆగిపోతుంది. పొర వెచ్చగా ఉంటే ఆ బిగుతు ఆలస్యంగా వస్తుంది, ఆలోగా ఇంకా చాలా ముడులు పడతాయి. నీరు లేని ద్రవ వార్నిష్‌లలో మొదట్లో కదలిక ధారాళంగా ఉంటుంది. దీనిలో దీపం కిందికి వెళ్ళేది అప్పటికే ఘనమైన పొర కాబట్టి వేడి ఇంత తేడా చూపిస్తోంది. పాత పాదరసం దీపాలు వెలుగుతోపాటు బోలెడంత వేడి కూడా వెదజల్లేవి. నా ఎల్ఈడీ దగ్గర ఆ ఉచిత సాయం లేదు.

13 గ్రాముల రేకు క్షణాల్లో చల్లారిపోతుంది. అందుకే ఆరబెట్టే పెట్టెను జరిపి బెల్టు మూతి దగ్గరే పెట్టాను. ఉష్ణోగ్రతకు మొదట పరారుణ థర్మామీటరు వాడి బోల్తాపడ్డాను. మెరిసే అల్యూమినియం మీద అది చూపే అంకె చాలావరకు చుట్టుపక్కల వస్తువులదే. తాకిన చోటి ఉష్ణోగ్రతను కొలిచే పలచటి థర్మోకపుల్ తీగ అంటించాకే నమ్మదగ్గ అంకె వచ్చింది.

13వ రోజు

తెలిసినవారి దగ్గర వెలుగు మోతాదు కొలిచే రేడియోమీటరు అరువు తెచ్చాను. 1 జౌల్ ఉండాల్సిన చోట దానిలో పావు వంతు కూడా చూపలేదు. దీపం చచ్చిపోతోందని కంగారుపడి, ఫ్యాను విప్పి దుమ్ము దులిపాను. తర్వాత మీటరు వెనక చదివితే, అది కొలిచేది 320 నుంచి 390 దాకా. నా దీపం శిఖరం దాని గట్టు దాటి అవతల ఉంది. 395 నుంచి 445 దాకా చూసే పట్టీకి మార్చగానే అంకె పెరిగింది కానీ, అంచు మీదున్న దీపానికి అది కూడా పూర్తి నిజం చెప్పదు. ఒక దీపానికీ ఇంకో దీపానికీ పోలిక చూసే ఆశ వదిలేశాను. ఈ దీపం నిన్నటిలాగే ఉందా లేదా చూసుకోవడానికి మాత్రం మీటరు పనికొస్తుంది.

14, 15 రోజులు

పై తలం సంగతి. 200 రుద్దులు తట్టుకున్న పూతకు కూడా పైన మొదటి కొద్ది రుద్దుల్లోనే మెరుపు తగ్గుతోంది. ఆక్సిజన్ పనే అనిపించింది. గాలిలోని ఆక్సిజన్ రాడికల్‌తో కలిస్తే పెరాక్సీ రాడికల్ పుడుతుంది, దానికి గొలుసును ముందుకు నడిపే సత్తా ఉండదు. దెబ్బ ఎక్కువగా గాలి తగిలే పైపొరకే.

రుజువుకు ఒక తేలిక పద్ధతి ఉంది. ఆరిన పూతలో సగం మీద పారదర్శక పాలిస్టర్ ఫిల్మ్‌ను బుడగలు లేకుండా నొక్కి పరిచాను. 395 దానిలోంచి సులువుగా దాటుతుంది, గాలి మాత్రం చేరదు. దీపం తర్వాత ఫిల్మ్ ఊడదీసి రెండు సగాలూ రుద్దాను. కప్పిన సగం మెరుపు అలాగే ఉంది. కప్పని సగం మసకేసింది. ఒక ప్రయోగశాలలో ఇన్‌ఫ్రారెడ్ పరీక్ష కూడా చేయించాను. మిగిలిపోయిన యాక్రిలేట్ జంట బంధాలు 810 సెం.మీ.⁻¹ దగ్గర శిఖరంగా కనిపిస్తాయి. ఆ పద్ధతి పై ఒకటి రెండు మైక్రాన్లనే చదువుతుంది, అందుకే గాజు మీద వేసిన పూతను ఊడదీసి రెండు ముఖాలూ చూపించాను. గాజు వైపు శిఖరం చిన్నది, గాలి వైపు పెద్దది.

నైట్రోజన్ సిలిండరు పెట్టే ఓపిక నాకు లేదు. దీపాన్ని 10 మిల్లీమీటర్ల నుంచి 5కు దించి, మోతాదు మారకుండా బెల్టు వేగం పెంచాను. అవే జౌళ్ళు, కానీ ఒక్కసారిగా పడతాయి. రాడికల్స్ గుంపుగా పుడితే ఆక్సిజన్ అన్నిటినీ మింగలేదు, లోపలికి కొత్తది చేరేలోగా పని అయిపోతుంది. మెరుపు తగ్గడం దాదాపు ఆగిపోయింది.

రేకు పక్క అంచులు ఇంకా బలహీనం. 10 సెంటీమీటర్ల దీపం కింద 8 సెంటీమీటర్ల పలక పెడితే, చివరి సెంటీమీటరుకు ఒకవైపు నుంచే వెలుగు. ఇది కెమిస్ట్రీ కాదు, కొలతల లెక్క. 6 సెంటీమీటర్లు దాటిన పలకకు ఈ దీపం సరిపోదని ఒప్పుకున్నాను.

18వ రోజు

చెక్క. అల్యూమినియం మీద నేర్చుకున్నదంతా ఇక్కడ పరీక్షకు వచ్చింది, కొంత బెడిసికొట్టింది. చెక్క నీటిని తాగుతుంది. పైన ఆరినట్టు కనిపించినా వేడి పెట్టెలో లోపలి నీరు తిరిగి పైకి వస్తుంది. సాక్షి రేకు రెండు శాతం లోపే అంటుంది, పక్కనున్న చెక్క పలక కాదంటుంది. నారలు నిక్కబొడుచుకుని పూత గరుకుగా అయింది.

100 మైక్రాన్ల ఒక పూత మానేసి 50 మైక్రాన్లవి రెండు వేశాను. మొదటి పూతను ఆరబెట్టి, దీపం కింద తక్కువ మోతాదు చూపించి, 320 ఇసుక కాగితంతో తేలిగ్గా రుద్దాను. నారలు తెగిపోయాయి. పూర్తి మోతాదు ఇస్తే రెండో పూతకు పట్టు దొరకదు, అందుకే తక్కువ. రెండో పూత కింద చెక్క మూసుకుపోయింది కాబట్టి అది అల్యూమినియం మీదలాగే నడిచింది. గళ్ళు కోసి టేపు పీకే పరీక్షలో ఒక్క గడి కూడా లేవలేదు. గట్టి పెన్సిళ్ళతో గీసి చూసే పరీక్షలో 2హెచ్ దాకా గీత పడలేదు. చెక్క పలకకు ఇంకో మేలు కూడా కనిపించింది: అల్యూమినియంలా క్షణాల్లో చల్లారదు, వెచ్చదనాన్ని దీపం దాకా మోసుకొస్తుంది.

ఎండ తగిలే చోటి బల్లలకు యూవీ శోషకం కూడా కలపాలి. నేను వెలుగు పోస్తుంటే అది మింగేస్తుందని భయపడ్డాను. కానీ అది ఎక్కువగా మింగేది 380 నానోమీటర్ల లోపు. 395 దీపం, బాపో మందు ఆ కంచె అవతలి సందులోంచి పనిచేశాయి. 200 రుద్దులు వచ్చాయి. మూడో రోజు తిట్టుకున్న ఇరుకు పట్టీ ఇక్కడ కలిసొచ్చింది.

21వ రోజు

మేస్త్రిగారు ఈసారి ముట్టుకోలేదు. "తూకం ఎంత?" అన్నారు. చెప్పాక జేబులోంచి తాళంచెవి తీసి బల్ల పలక మూల గట్టిగా గీకారు. గీత పడలేదు. కుర్చీ చేతులకు కూడా వేయమని గుండ్రంగా చెక్కిన మూడు ముక్కలు ఇచ్చి వెళ్ళారు.

వెంటనే ఒకటి చేసి చూశాను. పైభాగం 200. పక్క వంపు 60. అడుగున 12, అంటే వెలుగు సోకనట్టే. కడ్డీకి గుచ్చి తిప్పుతూ పంపాలి, తిప్పే వేగానికీ బెల్టు వేగానికీ లెక్క కుదరాలి, అడుగు భాగం పైకి తిరిగేలోగా చల్లారకూడదు. చిన్న గేరు మోటారు ఒకటి బిగిస్తున్నాను. ముక్కలు ఇంకా రెండే ఉన్నాయి, వాటిని రుద్ది పాడుచేసే ముందు పైపు ముక్క మీద రేకు చుట్టి చూడాలి.